ఎగుమతిదారుకు బహుమతి పోయింది, వాపసు మిగిలింది: మారిన పథకాల్లో చిన్న వ్యాపారి చూసుకోవాల్సిన లెక్క

విదేశాలకు సరుకు పంపే వ్యాపారికి ప్రభుత్వం ఏదో కొంత ‘ఇన్సెంటివ్’ ఇస్తుందని అందరికీ తెలుసు. ఆ డబ్బు ఏ పేరుతో వస్తుంది, ఎందుకు వస్తుంది, ఎప్పుడు ఆగిపోతుంది అన్నది మాత్రం చాలామందికి తెలియదు. గత పదేళ్లలో ఈ పథకాలు పూర్తిగా మారిపోయాయి. పేరు మారింది, రేటు తగ్గింది, లెక్క కట్టే పద్ధతి కూడా వేరైంది. పాత లెక్కతోనే ధర చెప్పిన చిన్న ఎగుమతిదారులకు లాభం కరిగిపోయింది. ఆ ఒత్తిడి అక్కడితో ఆగదు. సరుకు తయారుచేసే కార్ఖానా దాకా, అందులో పనిచేసే కారీగర్ కూలీ దాకా వస్తుంది.

ఏలూరు తివాచీలనే తీసుకోండి. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్లతో ఈ పని మొదలైందని చెబుతారు. తరాలుగా ఎన్నో ముస్లిం కుటుంబాలు దీని మీదే బతికాయి. వరంగల్ దర్రీలు, నరసాపురం లేసు కూడా బయటి దేశాల గిరాకీ మీద ఆధారపడిన పనులే. వీటిని తయారుచేసే వాళ్లలో చాలామంది నేరుగా ఎగుమతి చేయరు, ఎగుమతిదారుకు అమ్ముతారు. అయినా ఢిల్లీలో ఒక నోటిఫికేషన్ మారితే వాళ్ల ధర మారుతుంది. అందుకే ఈ విషయం పెద్ద కంపెనీలకే సంబంధించింది అనుకోవడం పొరపాటు.

ఎంఈఐఎస్: అమ్మినంత మీద బహుమతి

2015 ఏప్రిల్ 1న కేంద్రం కొత్త విదేశీ వాణిజ్య విధానం తెచ్చింది. అప్పటిదాకా వేర్వేరు పేర్లతో నడుస్తున్న ఐదు పథకాలను కలిపి ‘మర్చండైజ్ ఎక్స్‌పోర్ట్స్ ఫ్రమ్ ఇండియా స్కీమ్’ అని ఒక్కటి చేసింది. దాన్నే పొట్టిగా ఎంఈఐఎస్ అనేవారు. ఎగుమతి చేసిన సరుకు విలువ మీద 2 శాతం, 3 శాతం, 5 శాతం ఇలా సరుకును బట్టి ఇచ్చేవారు. 2017 చివర్లో విధానాన్ని సమీక్షించినప్పుడు ఎక్కువమందికి పని ఇచ్చే రంగాలకు ఈ రేటును మరో 2 శాతం పెంచారు.

అయితే ఇది నగదు కాదు. ‘డ్యూటీ క్రెడిట్ స్క్రిప్’ అనే కాగితం ఇచ్చేవారు. బయటి నుంచి సరుకు దిగుమతి చేసుకునేటప్పుడు కస్టమ్స్ సుంకం కింద డబ్బుకు బదులు ఆ స్క్రిప్‌ను చూపిస్తే చాలు. దిగుమతులు లేని వ్యాపారి ఏం చేయాలి? ఆ స్క్రిప్‌ను దిగుమతిదారుకు అమ్ముకోవచ్చు. లక్ష రూపాయల స్క్రిప్‌కు లక్ష రాదు, కొంచెం తక్కువ వస్తుంది. ఆ తేడాయే కొన్నవాడి లాభం. అలా అమ్మగా వచ్చిన డబ్బే చాలామంది చిన్న ఎగుమతిదారులకు అసలు ‘ఇన్సెంటివ్’.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. వ్యాపారి ఎంత పన్ను కట్టాడు అన్నదానితో ఎంఈఐఎస్‌కు సంబంధం లేదు. ఎంత ఎగుమతి చేశాడు అన్నదే లెక్క. అంటే ఇది బహుమతి. తర్వాత గొడవ వచ్చింది సరిగ్గా ఇక్కడే.

డబ్ల్యూటీవోలో ఎందుకు ఓడిపోయాం?

ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) నిబంధనల ప్రకారం ‘ఎగుమతి చేస్తేనే ఇస్తాం’ అనే సబ్సిడీ నిషిద్ధం. అలా ఇస్తే ఆ దేశపు సరుకు అవతలి దేశంలో అన్యాయంగా చౌక అవుతుందని వాదన. పేద దేశాలకు మాత్రం మినహాయింపు ఉంది. తలసరి జాతీయ ఆదాయం వరుసగా మూడేళ్లు 1,000 డాలర్లు దాటనంత వరకు ఆ దేశం ఇలాంటి సబ్సిడీలు ఇవ్వొచ్చు. ఆ డాలర్ల విలువను 1990 నాటి లెక్కలో చూస్తారు. భారత్ 2013, 2014, 2015 మూడేళ్లూ ఆ గీత దాటింది. మినహాయింపు పోయింది.

2018 మార్చిలో అమెరికా డబ్ల్యూటీవోలో కేసు వేసింది. ఎంఈఐఎస్‌తో పాటు ప్రత్యేక ఆర్థిక మండళ్లు, ఎగుమతి యూనిట్ల పథకం, యంత్రాల మీద సుంకం మినహాయించే ఈపీసీజీ పథకం కూడా ఆ కేసులో ఉన్నాయి. ‘మినహాయింపు పోయినా పథకాలు ఎత్తేయడానికి మాకు ఎనిమిదేళ్ల గడువు ఉంది’ అని భారత్ వాదించింది. 2019 అక్టోబర్ 31న వచ్చిన ప్యానెల్ తీర్పు ఆ వాదనను ఒప్పుకోలేదు. నవంబర్‌లో భారత్ అప్పీల్ చేసింది. కానీ జడ్జీల నియామకం ఆగిపోవడంతో డిసెంబర్ నుంచి డబ్ల్యూటీవో అప్పీల్ విభాగమే పని చేయడం లేదు. 2023లో రెండు దేశాలూ రాజీ పడేదాకా కేసు అలాగే వేలాడింది.

అప్పీల్ వేలాడుతున్నా ఎంఈఐఎస్ నిలబడలేదు. ఖజానా మీద భారం కూడా తక్కువేం కాదు, ఏడాదికి దాదాపు 40 వేల కోట్ల రూపాయలు. 2020 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ మధ్య చేసిన ఎగుమతులకు ఒక్కో వ్యాపారికి 2 కోట్ల పరిమితి పెట్టారు. 2020 డిసెంబర్ 31తో పథకాన్ని మూసేశారు. పాత బకాయిలు మాత్రం చాలాకాలం పెండింగ్‌లో ఉండిపోయాయి. 2021 సెప్టెంబర్‌లో వేర్వేరు పథకాల బకాయిల కోసం కేంద్రం 56,027 కోట్లు ప్రకటించింది. ఆ డబ్బు 45 వేల మందికి పైగా ఎగుమతిదారులకు అందాలని, వారిలో దాదాపు 98 శాతం చిన్న, మధ్యతరహా వ్యాపారులేనని ప్రభుత్వమే చెప్పింది. చిన్నవాళ్ల డబ్బు ఎంతకాలం ఇరుక్కుపోయిందో దీన్నిబట్టే అర్థమవుతుంది.

రోడ్‌టెప్: కట్టిన పన్ను మాత్రమే వెనక్కి

2021 జనవరి 1 నుంచి ఎంఈఐఎస్ స్థానంలో రోడ్‌టెప్ వచ్చింది. ‘రెమిషన్ ఆఫ్ డ్యూటీస్ అండ్ ట్యాక్సెస్ ఆన్ ఎక్స్‌పోర్టెడ్ ప్రొడక్ట్స్’ అనే పొడవాటి పేరులోనే అసలు తేడా ఉంది. రెమిషన్ అంటే మాఫీ, వాపసు. బహుమతి కాదు.

దేన్ని వాపసు ఇస్తారు? ఎగుమతి సరుకు మీద జీఎస్టీ ఎలాగూ పడదు. కట్టినా రీఫండ్ వస్తుంది. కానీ కొన్ని పన్నులు జీఎస్టీలో లేవు. ఉదాహరణకు సరుకు మోసే లారీలో పోసిన డీజిల్ మీద రాష్ట్ర వ్యాట్ ఉంటుంది. కార్ఖానా కరెంటు బిల్లులో విద్యుత్ సుంకం ఉంటుంది. పత్తి, మిర్చి లాంటివి కొన్నప్పుడు మార్కెట్ యార్డు సెస్సు కట్టాలి. కాగితాల మీద స్టాంపు డ్యూటీ పడుతుంది. ఇవన్నీ ధరలో కలిసిపోయి సరుకుతో పాటు ఓడ ఎక్కుతాయి. దేశం పన్నును ఎగుమతి చేయకూడదు, సరుకునే ఎగుమతి చేయాలి అన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న సూత్రం. కట్టినదానికి మించకుండా వాపసు ఇస్తే డబ్ల్యూటీవో అభ్యంతరం పెట్టదు.

ఏ సరుకులో ఎంత పన్ను దాగి ఉందో లెక్కగట్టే పనిని మాజీ వాణిజ్య కార్యదర్శి జి.కె.పిళ్లై నాయకత్వంలోని కమిటీకి అప్పగించారు. పథకం జనవరిలో మొదలైనా రేట్లు ప్రకటించింది 2021 ఆగస్టు 17న. 8,555 రకాల సరుకులకు 0.01 శాతం నుంచి 4.3 శాతం దాకా నిర్ణయించారు. చాలా సరుకులకు కిలోకు ఇంతకు మించి ఇవ్వం అని పైపరిమితి కూడా పెట్టారు. మొదటి ఏడాది కేటాయింపు 12,454 కోట్లు. ఎంఈఐఎస్ ఖర్చు పక్కన పెట్టి చూస్తే మూడో వంతు కూడా లేదు.

రెడీమేడ్ దుస్తులు, దుప్పట్లు, తువ్వాళ్ల లాంటి కుట్టిన వస్త్రాలకు మాత్రం ఆర్ఓఎస్‌సీటీఎల్ అనే వేరే పథకం 2019 మార్చి నుంచి ఉంది. అది తీసుకునేవారికి రోడ్‌టెప్ రాదు.

పది లక్షల సరుకు మీద లెక్క

ఒక వ్యాపారి 10 లక్షల రూపాయల సరుకు పంపాడనుకుందాం. పాత పథకంలో 5 శాతం ఉన్న సరుకైతే 50 వేల స్క్రిప్ వచ్చేది. కొత్త పథకంలో రేటు 1 శాతం అయితే వచ్చేది 10 వేలు. తేడా 40 వేలు. ఖర్చులన్నీ పోగా అతనికి మిగిలే లాభం 60 వేలైతే, అందులో మూడింట రెండు వంతులు ఒక్క నోటిఫికేషన్‌తో పోయినట్టే.

అప్పుడు వ్యాపారి ముందు ఉండే దారులు మూడే. విదేశీ కొనుగోలుదారుకు ధర పెంచి చెప్పడం ఒకటి. అతను బంగ్లాదేశ్ వైపో, వియత్నాం వైపో వెళ్లిపోవచ్చు. నష్టాన్ని తానే భరించడం రెండోది. కార్ఖానాకు ఇచ్చే ధర కోయడం మూడోది. ఎక్కువసార్లు జరిగేది ఈ మూడోదే. అందుకే ఎగుమతిదారుకు సరుకు ఇచ్చే తయారీదారుకు కూడా రేటు తెలిసి ఉండాలి. ‘ప్రభుత్వం ఏమీ ఇవ్వడం లేదు భాయ్, రేటు తగ్గించు’ అన్నప్పుడు నిజంగా ఎంత తగ్గింది, ఇంకా ఎంత వస్తోంది అని అడగగలగాలి. షిప్పింగ్ బిల్లు మీద ఎవరి పేరు ఉంటే వాపసు వాళ్లకే వస్తుంది, తయారుచేసినవాడికి కాదు. కాబట్టి ఆ భాగం బేరంలోనే అడిగి తీసుకోవాలి.

గడువు మీద నమ్మకం పెట్టుకోలేం

రేటు తగ్గడం ఒక బాధ. ఎప్పుడు ఉంటుందో, ఎప్పుడు పోతుందో తెలియకపోవడం ఇంకో బాధ. ఉక్కు, రసాయనాలు, మందుల రంగాలను మొదట రోడ్‌టెప్ నుంచి పక్కనపెట్టి, 2022 డిసెంబర్ 15 నుంచి చేర్చారు. ప్రత్యేక ఆర్థిక మండళ్ల యూనిట్లకు, సుంకం లేకుండా ముడిసరుకు తెచ్చుకునేవారికి 2024 మార్చిలో వర్తింపజేశారు. 2025 ఫిబ్రవరి 5తో వాళ్లకు ఆపేశారు. మళ్లీ జూన్ 1 నుంచి ఇచ్చారు. 2025 సెప్టెంబర్ నెలాఖరుకు ముగియాల్సిన పథకాన్ని 2026 మార్చి 31 దాకా పొడిగించారు.

ఆర్డర్ తీసుకున్న రోజుకు, సరుకు ఓడ ఎక్కే రోజుకు మధ్య మూడు నాలుగు నెలలు గడుస్తాయి. ఆ మధ్యలో పథకం మారితే భారం మొత్తం వ్యాపారి మీదే. కాబట్టి ధర చెప్పేటప్పుడు వాపసు లేకుండానే లెక్క కుదరాలి. వస్తే అది అదనం. రాకపోతే దివాలా తీయకూడదు.

అవతలి దేశం కూడా లెక్క చూస్తుంది

మన ప్రభుత్వం ‘ఇది వాపసు మాత్రమే’ అన్నా అవతలి దేశం ఒప్పుకోవాలని లేదు. కొన్ని కేసుల్లో అమెరికా రోడ్‌టెప్‌ను కూడా సబ్సిడీ కిందే చూసి, దానికి సమానంగా ‘కౌంటర్‌వెయిలింగ్ డ్యూటీ’ అనే అదనపు సుంకం వేసింది. 2024 చివర్లో భారత్ రొయ్యల మీద కూడా ఎక్కువ కంపెనీలకు 5.77 శాతం చొప్పున ఇలాంటి సుంకం పడింది. దేశంలో రొయ్యల సాగులో ముందున్నది ఆంధ్రప్రదేశే. ఇక్కడ ఒక చేత్తో ఇచ్చింది అక్కడి రేవులో ఇంకో చేయి లాక్కున్నట్టే అయింది. 2025 ఆగస్టులో అమెరికా చాలా భారత సరుకుల మీద అదనపు సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు, ఒక శాతం రెండు శాతం వాపసు ఏ మూలకూ రాదని తేలిపోయింది. ఆ దెబ్బ తర్వాత కేంద్రం 2025 నవంబర్‌లో 25,060 కోట్లతో ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌ను ఆమోదించింది. దాని దృష్టి చిన్న వ్యాపారులకు తక్కువ వడ్డీ రుణం, నాణ్యత పరీక్షల ఖర్చు, మార్కెట్ వెతుక్కునే సాయం మీద ఉంది. అమ్మినంత మీద బహుమతి ఇచ్చే రోజులు తిరిగి రావని దీన్నిబట్టి కూడా తెలుస్తోంది.

గల్ఫ్ దారిలో కనిపించని లాభం

పోయిన 40 వేలు ఎక్కడైనా దొరుకుతాయా? యూఏఈకి పంపేవారికి ఒక దారి ఉంది. 2022 మే 1 నుంచి భారత్, యూఏఈ మధ్య సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం (సెపా) అమల్లోకి వచ్చింది. యూఏఈలో చాలా సరుకుల మీద మామూలు కస్టమ్స్ సుంకం 5 శాతం. ఈ ఒప్పందం కింద మన దేశం నుంచి వెళ్లే సరుకుల్లో అత్యధిక భాగానికి అది లేదు. నగల మీద ఉన్న 5 శాతం మొదటి రోజు నుంచే పోయింది.

మళ్లీ అదే పది లక్షల సరుకు చూడండి. 5 శాతం అంటే సుమారు 50 వేలు. దుబాయ్‌లోని కొనుగోలుదారు ఆ 50 వేలు కట్టాల్సిన పని లేదు. అందులో కొంత మన ధరలో కలుపుకునే బేరం చేయొచ్చు. కానీ ఈ లాభం దానంతట అది రాదు. సరుకు భారత్‌లోనే తయారైందని చెప్పే ‘సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్’ డీజీఎఫ్‌టీ ఆన్‌లైన్ వేదిక నుంచి తీసుకోవాలి. ఈ సర్టిఫికెట్ లేకపోతే దుబాయ్‌లో మామూలు సుంకమే పడుతుంది. తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో కుటుంబాలకు గల్ఫ్‌లో అన్నదమ్ములు, బావమరుదులు ఉన్నారు. వాళ్ల ద్వారా దుకాణాలకు సరుకు పంపేవాళ్లూ ఉన్నారు. ఆ సరుకుకు ఈ సర్టిఫికెట్ తీసుకుంటున్నారా అన్నది ముందు చూసుకోవాలి.

సుంకం మినహాయింపులో ఉన్న ఉచ్చు

వాపసు కన్నా పెద్ద మొత్తాలు మిగిల్చే పథకాలు రెండున్నాయి. ముడిసరుకు సుంకం లేకుండా తెచ్చుకునే ‘అడ్వాన్స్ ఆథరైజేషన్’ మొదటిది. ఆ సరుకుతో తయారుచేసిన వస్తువును సాధారణంగా 18 నెలల్లో, కనీసం 15 శాతం విలువ పెంచి ఎగుమతి చేయాలి. రెండోది ఈపీసీజీ. దీని కింద విదేశీ యంత్రాన్ని సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు.

ఈపీసీజీ వినడానికి బాగుంటుంది. షరతు చూడాలి. మిగిలిన సుంకానికి ఆరు రెట్లు విలువైన ఎగుమతులు ఆరేళ్లలో చేయాలి. సుంకం 2 లక్షలు మిగిలితే 12 లక్షల ఎగుమతి అన్నమాట. అందులో సగం మొదటి నాలుగేళ్లలోనే పూర్తికావాలి. పైగా ఇది అప్పటిదాకా చేస్తున్న సగటు ఎగుమతికి అదనం. హస్తకళలు, చేనేత, తివాచీల లాంటి కొన్ని రంగాలకు ఈ సగటు షరతు లేదు. లక్ష్యం తప్పితే మిగిలిన సుంకం కట్టాలి, దాని మీద వడ్డీ కూడా. ఏళ్లు గడిచేసరికి అసలు సుంకం కన్నా వడ్డీయే ఎక్కువైన కేసులు పేరుకుపోయాయి. అందుకే 2023లో కేంద్రం ఒక్కసారికి మాఫీ పథకం పెట్టి, వడ్డీ అసలు సుంకాన్ని మించకుండా ఆపింది. ఆ అవకాశం గడువు ముగిసింది. ఆర్డర్లు చేతిలో లేకుండా, మిషన్ చౌకగా వస్తుందని మాత్రమే ఈ దారి పట్టకూడదు.

సరుకు కదిలే ముందే చూసుకోవాల్సినవి

ఎంఈఐఎస్ కాలంలో ఎగుమతి అయ్యాక డీజీఎఫ్‌టీకి విడిగా దరఖాస్తు పెట్టేవారు. రోడ్‌టెప్‌లో విడి దరఖాస్తు లేదు. షిప్పింగ్ బిల్లే దరఖాస్తు. క్లెయిమ్ చేస్తున్నట్టు ప్రతి సరుకు దగ్గరా అందులోనే చెప్పాలి. కాబట్టి తప్పు దొర్లితే మొదటి రోజే దొర్లుతుంది.

ఐఈసీ నంబరు: ఎగుమతి దిగుమతులకు ఇది తప్పనిసరి. ఏ మార్పూ లేకపోయినా ఏటా ఏప్రిల్, జూన్ మధ్య ఆన్‌లైన్‌లో ధ్రువీకరించాలి. మర్చిపోతే నంబరు పనిచేయకుండా పోతుంది, సరుకు రేవులో నిలుస్తుంది.

సరుకు కోడ్: ఏ హెచ్ఎస్ కోడ్ వేశారన్న దాని మీదే వాపసు రేటు ఆధారపడుతుంది. ఏజెంటు వేసిందే సరైనదని వదిలేయకుండా బిల్లు ముసాయిదా అడిగి చూడాలి.

రెండూ అడగాలి: డ్యూటీ డ్రాబ్యాక్ వేరు, రోడ్‌టెప్ వేరు. ముడిసరుకు మీద కట్టిన కస్టమ్స్ సుంకాన్ని డ్రాబ్యాక్ వెనక్కి ఇస్తుంది, అది నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. లోపల దాగిన ఇతర పన్నులను రోడ్‌టెప్ ఇస్తుంది, అది ఐస్‌గేట్ పోర్టల్‌లో ఎలక్ట్రానిక్ స్క్రిప్‌గా వస్తుంది. అర్హత ఉంటే రెండూ తీసుకోవచ్చు. స్క్రిప్ పోర్టల్‌లో ఉండగానే సంతోషపడితే లాభం లేదు. దానికీ గడువు ఉంటుంది, వాడుకోవాలి లేదా అమ్ముకోవాలి.

డబ్బు రావాలి: విదేశీ కొనుగోలుదారు నుంచి నిర్ణీత గడువులో సొమ్ము బ్యాంకుకు రాకపోతే, ఇచ్చిన వాపసును ప్రభుత్వం తిరిగి వసూలు చేస్తుంది. సరుకు పోయి, సొమ్ము రాక, పైన వాపసు కూడా కట్టాల్సి రావడం చిన్న వ్యాపారికి మూడు దెబ్బలు.

తెలంగాణవారికి హైదరాబాద్‌లో, ఆంధ్రవారికి విశాఖపట్నంలో డీజీఎఫ్‌టీ కార్యాలయాలున్నాయి. ఈ పథకాల గురించి అక్కడ అడిగి తెలుసుకోవచ్చు.

మొత్తం మీద జరిగింది ఇదీ: ప్రభుత్వం ఎగుమతిదారుకు బహుమతి ఇవ్వడం మానేసి, కట్టించుకున్న పన్ను తిరిగివ్వడం మొదలుపెట్టింది. బహుమతి ఇచ్చేవాడి ఇష్టం. వాపసు మాత్రం కట్టినవాడి హక్కు. కాకపోతే ఆ హక్కు కాగితం మీద సరిగ్గా అడిగినవాడికే దక్కుతుంది. వచ్చే ఆర్డర్‌కు ధర రాసేటప్పుడు కూలీ, ముడిసరుకు, రవాణా పక్కనే ఈ లెక్క కూడా రాసుకున్న వ్యాపారి నిలబడతాడు, అతని వెనక ఉన్న కార్ఖానా కూడా నిలబడుతుంది.